తడి కండెకు గాలి, ఎండిన గింజకు మూత: మొక్కజొన్న నిల్వపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మొక్కజొన్న కోతలు ముగిశాక ప్రతి ఏడూ మాకు వచ్చే ఉత్తరాలలో సగానికి పైగా నిల్వ గురించే ఉంటాయి. ఈసారి కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి వచ్చినవాటిలో ఐదింటికి జవాబులు ఇస్తున్నాము. మొదటి ప్రశ్నకు జవాబు పొడవైంది, ఎందుకంటే తక్కిన నాలుగింటికీ మూలం అందులోనే ఉంది.

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోడుమూరు ప్రాంతం. బోరు కింద రెండెకరాల ఖరీఫ్ మొక్కజొన్న వేస్తే 45 క్వింటాళ్ళ దాకా వచ్చింది. నిరుడు ధర లేదని గింజలు ఒలిపించి గోనె సంచుల్లో ఇంట్లోనే పెట్టాను. సంక్రాంతికి సంచి విప్పితే అడుగున పిండి, పైన పురుగు. ఈసారి కండెలుగానే దాచమని కొందరు, ఇనుప డబ్బాలు కొనమని కొందరు, మూడు పొరల సంచులు తెమ్మని కొందరు చెబుతున్నారు. ఏది మంచిదో చెప్పగలరు.

జవాబు: ఏ పాత్ర మంచిదన్న ప్రశ్నకు ముందు, అందులో పోసే రోజున గింజలో ఎంత తేమ ఉందన్న ప్రశ్న వేసుకోవాలి. నిల్వ పద్ధతులన్నీ నిజానికి రెండే రకాలు. గాలి ఆడేవి కొన్ని, గాలి ఆడనివి కొన్ని. తేమ ఉన్న పంటకు గాలి ఆడే చోటు కావాలి, బాగా ఎండిన పంటకు గాలి చొరని మూత కావాలి. తేమ గింజను డబ్బాలో మూసినా, ఎండిన గింజను గాలికి వదిలినా నష్టమే. మీరు నిరుడు చేసింది రెండో పొరపాటో, రెండూ కలిసిన పొరపాటో అయి ఉంటుంది.

పిండి ఎలా వచ్చిందో ముందు చూద్దాం. మీ సంచిలో కనిపించినది చాలావరకు ముక్కు పురుగు అయి ఉంటుంది. తల్లి పురుగు తన ముక్కుతో గింజకు చిన్న తూటు వేసి, అందులో గుడ్డు పెట్టి, జిగురుతో ఆ తూటును మూసేస్తుంది. పిల్ల పురుగు లోపలే తిని, లోపలే పెరిగి, రెక్కల పురుగై బయటికి వచ్చేదాకా గింజ పైకి నిండుగానే కనిపిస్తుంది. మన ప్రాంతపు వేడికి ఈ తంతు ముప్ఫై, ముప్ఫై అయిదు రోజుల్లో పూర్తవుతుంది. ఒక్క తల్లి తన జీవితకాలంలో నూటికి పైగా గుడ్లు పెడుతుంది కనుక, అక్టోబరులో సంచికి పది పురుగులు చేరినా సంక్రాంతికి మూడు తరాలు దాటతాయి. అడుగున చేరే పిండిని తినడానికి ఆ తరువాత పిండి పురుగు వస్తుంది. అది నిండు గింజను కొరకలేదు, పగిలిన గింజలనూ నుసినీ మాత్రమే తింటుంది. కండెలు పచ్చిగా ఉండగానే ఒలుపు మిషన్‌ను వేగంగా తిప్పితే గింజలు ఎక్కువగా పగులుతాయి. దానికి విందు అక్కడే మొదలవుతుంది.

ఆ మొదటి పది పురుగులు ఎక్కడి నుంచి వచ్చాయన్నదానికి రెండు దారులు ఉన్నాయి. కొన్ని చేలో నిలబడి ఉన్న కండెకే పడతాయి. కొన్ని నిరుటి గోనె సంచుల కుట్లలో, గోడ పగుళ్ళలో, మూలన మిగిలిన పాత గింజల్లో కాచుకుని ఉంటాయి. పాత గోతాలను వేడినీళ్ళలో ముంచి, తిరగేసి, రెండు రోజులు మండుటెండలో ఆరవేసి వాడడమన్నది చిన్న పని అనిపిస్తుంది కానీ, సగం రక్షణ అక్కడే ఉంది.

ఇక తేమ సంగతి. గింజ అడుగున, అది బెండుకు అతుక్కునే చోట నల్లటి మచ్చ పడితే పంట ముదిరినట్లు. అప్పటికి గింజలో ముప్ఫై శాతానికి పైగా నీరు ఉంటుంది. చేలోనే కొంత ఆరనిచ్చి కోస్తే ఇరవై, ఇరవై అయిదు శాతానికి దిగుతుంది. మద్దతు ధరకు కొనేటప్పుడు అనుమతించే గరిష్ఠ తేమ 14 శాతం. అమ్మకానికి అది సరిపోతుంది కానీ నాలుగు నెలల నిల్వకు సరిపోదు, 12 శాతానికి దించాలి. ఇరవై శాతం తేమతో తూగిన 45 క్వింటాళ్ళు 12 శాతానికి వస్తే 41 క్వింటాళ్ళకు దగ్గరగా తూగుతాయి. ఆ తేడా నాలుగు క్వింటాళ్ళూ నీరే. చాలామంది ఆ తూకం పోతుందని సగం ఆరగానే సంచులకు ఎత్తుతారు. ఆ నీరే తరువాత బూజుకూ పురుగుకూ బలమవుతుంది.

తేమ కొలిచే మిషన్ మార్కెట్ యార్డులో ఉంటుంది. అంత దూరం వెళ్ళలేనివారు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. బాగా పొడిగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు గింజలు పోసి, ఎండబెట్టిన ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత బిగించి ఒక నిమిషం గట్టిగా ఆడించి, పావుగంట కదపకుండా ఉంచాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో 15 శాతానికి పైగా తేమ ఉన్నట్లు. అంటకుండా అడుగుకు రాలితే అంతకు తక్కువ ఉన్నట్లు. ఉప్పు రాలిన తరువాత కూడా ఒకటి రెండు రోజుల మంచి ఎండ ఇవ్వండి. గింజను పంటి కింద పెడితే నొక్కుకుపోకుండా కటుక్కున విరగాలి.

ఆరబెట్టడం పట్టల మీదనే చేయండి. మట్టి నేల రాత్రిపూట గింజకు తేమను తిరిగి ఇస్తుంది. రెండు మూడు అంగుళాల మందంగా పరిచి, గంట గంటకూ కాలితో గానీ పారతో గానీ తిరగవేయాలి. తారు రోడ్డు మీద ఆరబోయడం మన దగ్గర అలవాటైపోయింది. రోడ్డు వేడికి గింజ త్వరగా ఆరుతుందన్నది నిజమే అయినా, టైర్ల కింద నలిగిన గింజలూ, రాళ్ళూ, చీకట్లో ఆ కుప్పల మీదికి ఎక్కి పడే మోటారు సైకిళ్ళూ కూడా నిజమే. సాయంత్రం వేడిగా ఉన్న గింజను వెంటనే సంచికి ఎత్తకూడదు. వేడి గింజ నుంచి లేచే ఆవిరి సంచి లోపలే చల్లబడి తిరిగి నీరవుతుంది. ఎండ తగ్గాక పలుచగా పరిచి చల్లారనిచ్చి, మంచు కురవక ముందే ఎత్తాలి.

ఇప్పుడు పద్ధతులకు వద్దాం. కండెలుగా దాచడం మనకు కొత్తలా అనిపిస్తుంది కానీ, మొక్కజొన్న పండే దేశాలలో చాలాచోట్ల చిన్న రైతులు చేసేది అదే. నేలకు మూడడుగుల ఎత్తున గుంజల మీద వెదురు తడికలతో గానీ ఇనుప జాలీతో గానీ పొడవాటి పంజరం లాంటిది కట్టి, పైన రేకు వేసి, పై పొరలు తీసిన కండెలను అందులో నింపుతారు. గాలి ఒక పక్క నుంచి దూరి మరో పక్కకు పోతూ కండెలను ఆరబెడుతుంది కనుక, పాతిక శాతం తేమతో నింపినా బూజు పట్టదు. కీలకం వెడల్పులో ఉంది. తేమ ప్రాంతాలలో రెండడుగులకు మించకూడదు, మన పొడి ప్రాంతంలో మూడడుగుల దాకా ఫర్వాలేదు. అంతకు మించితే నడుమ కండెలకు గాలి అందదు. పొడవు వైపు గాలికి ఎదురుగా ఉండాలి. మీ 45 క్వింటాళ్ళకు లెక్క వేస్తే మూడడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, పాతిక అడుగుల పొడవు కావాలి. ఒలిచిన గింజ పట్టే చోటుకు ఇది రెట్టింపు. గుంజలకు రేకుతో తిరగేసిన గరాటులు బిగించకపోతే ఎలుకలకూ పందికొక్కులకూ మనం భోజనశాల కట్టినట్లే.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. వడ్ల చిలుక అనే చిన్న బూడిదరంగు చిలుక పురుగు గింజల కుప్పలో లోతుకు దిగలేదు, పై పొరకే నష్టం చేస్తుంది. కండెల మధ్య సందులు ఉంటాయి కనుక అక్కడ ప్రతి కండెనూ చేరగలదు. కాబట్టి కండెల పంజరాన్ని ఆరబెట్టే చోటుగా చూడాలి, నాలుగు నెలలు దాచే చోటుగా చూడకూడదు. అక్టోబరు ముసురులో ఎండ దొరకని ఏట నెల, నెలన్నర కండెలను అందులో ఆరనిచ్చి, ఒలిపించి, వేరే దానిలోకి మార్చుకోవడం దాని సరైన వాడుక. ఎండ దొరికిన ఏట దాని అవసరమే లేదు.

గోనె సంచి గాలి ఆడేది. ఎండిన గింజను అందులో పోస్తే, బయట ముసురు పట్టినప్పుడు గాలిలోని తేమను గింజ మళ్ళీ పీల్చుకుంటుంది. గాలిలో తేమ డెబ్బై శాతం ఉంటే మొక్కజొన్న 14 శాతం దగ్గర నిలుస్తుంది, అంతకన్నా ఎక్కువైతే ఇంకా పైకి పోతుంది. రెండు నెలల లోపు అమ్మేవారికి గోనె సంచి చాలు. చెక్క బల్లల మీద పేర్చి, గోడకు అడుగున్నర ఎడం వదిలి, పదిహేను రోజులకొకసారి రెండు మూడు సంచులలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడాలి. లోపల వెచ్చగా తగిలితే పురుగు పనిలో ఉన్నట్లు. కంటికి కనిపించక ముందే చెయ్యి పట్టేస్తుంది. మన బేతంచెర్ల, కడప బండలు పరిచిన గది అయితే పందికొక్కు నేల తవ్వి రాలేదు కానీ, బండ చల్లదనం అడుగు సంచికి చెమ్మ ఎక్కిస్తుంది. కనుక బండల మీద కూడా బల్లలు తప్పవు. గది ఖాళీగా ఉన్నప్పుడు లీటరు నీటికి పది మిల్లీలీటర్ల మలాథియాన్ 50 ఇ.సి. కలిపి గోడలకూ నేలకూ పిచికారీ చేసి ఆరనివ్వాలి. గింజల మీద మాత్రం చల్లకూడదు.

మూడు పొరల సంచిలో లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ తొడుగులు, బయట ఒక నేత సంచి ఉంటాయి. ఆఫ్రికాలో అలసందలను పురుగు నుంచి కాపాడడానికి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన పద్ధతి ఇది. ఒక్కో తొడుగునూ విడివిడిగా మెలిపెట్టి, మడిచి, బిగించి కడితే లోపలి ప్రాణవాయువును పురుగులే పీల్చి ఖర్చు చేసేస్తాయి. కొద్ది రోజుల్లో గాలి సరిపోక అవి తినడం మానేస్తాయి, తరువాత చస్తాయి. మందు అక్కరలేదు. ముసురు తేమ లోపలికి రాదు. అయితే గింజ ఎండి ఉండాలి. తేమ గింజను ఇందులో కడితే పులిసిన వాసన కొడుతుంది. మరొక సంగతి, కట్టిన సంచిని వారం వారం విప్పి చూడాలన్న ఆరాటం వద్దు. విప్పిన ప్రతిసారీ పురుగుకు ఊపిరి పోసినట్లే. గోనె సంచికన్నా ఖరీదు చాలా ఎక్కువే అయినా, తొడుగుకు చిల్లు పడకపోతే రెండు మూడు పంటలకు పనికివస్తుంది. తొడుగును ఎలుక కొరికితే మాత్రం అది మామూలు సంచి అయిపోతుంది.

ఇనుప రేకు డబ్బాకు ఎలుక భయం లేదు, మూత బాగుంటే పురుగు భయమూ తక్కువే. ఎండ తగిలే చోట ఉంచితే పగటి వేడికి, రాత్రి చలికి పైకప్పు లోపల చెమ్మ పట్టి పై గింజ బూజు పడుతుంది కాబట్టి నీడలో, బల్ల మీద ఉంచాలి. పది క్వింటాళ్ళ డబ్బాలు మీకు నాలుగైదు కావాలి. అమ్మకం సరుకు కోసం అంత పెట్టుబడి దండగ అని నా అభిప్రాయం. పశువుల దాణాకూ ఇంటి వాడకానికీ ఒక డబ్బా కొనుక్కుంటే పదేళ్ళకు పైగా ఉంటుంది. పేడతో అలికిన గాదె గురించి ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను. అది చూడముచ్చటగా ఉంటుంది కానీ, పగుళ్ళలో పురుగు దాగుతుంది, అడుగున పందికొక్కు తవ్వుతుంది. ఉన్న గాదెను వాడుకోవచ్చు కానీ, కొత్తగా కట్టించుకోవలసిన అవసరం లేదు.

మీకు నా సలహా ఇది. పంటనంతా ఒకే తీరున దాచవద్దు. దాణాకు కావలసింది డబ్బాలో పోయండి. దీపావళి తరువాత అమ్మదలచింది శుభ్రం చేసిన గోనె సంచుల్లో ఉంచండి. ఫిబ్రవరి, మార్చి దాకా ఆపదలచిన భాగానికి మాత్రమే మూడు పొరల సంచులు కొనండి.

ప్రశ్న: నేను జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా చిన్నతనంలో జొన్నలను ఇంటి ముందు పాతరలో వేస్తే రెండేళ్ళు చెడేవి కావు. ఆ పద్ధతిని మొక్కజొన్నకు మళ్ళీ ఎందుకు వాడకూడదు?

జవాబు: అయ్యా, మీరు అడిగింది వేడుక ప్రశ్న అనుకునేవారు ఉండవచ్చు, నేను మాత్రం అనుకోను. పైన చెప్పిన మూడు పొరల సంచి చేసే పనినే మన పాతర ఎప్పటి నుంచో చేస్తున్నది. గట్టి గరుసు నేలలో గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి గానీ చొప్ప గానీ పరిచి, జొన్నలు నింపి, నోటికి బండ వేసి, పైన మట్టి గుట్టగా పోసి అలికితే లోపల గింజా పురుగూ కలిసి ప్రాణవాయువును ఖర్చు చేసి బొగ్గుపులుసు వాయువును నింపుతాయి. పాతర జొన్నలకు వచ్చే ఆ ప్రత్యేకమైన వాసన, ఆ జొన్నలు విత్తితే మొలవకపోవడం, అందుకే విత్తనాలను విడిగా కుండల్లో పెట్టుకోవడం, అన్నీ దానితో ముడిపడినవే.

అయితే పాతర నిలిచినది జొన్న కాలం వల్ల. రబీ జొన్న జనవరి, ఫిబ్రవరి నెలల్లో చేలోనే ఎండి, కళ్ళంలో ఇంకా ఎండి, ముందు నాలుగు నెలలు వాన లేని కాలంలో పాతరకు చేరేది. ఖరీఫ్ మొక్కజొన్న అక్టోబరులో, ఈశాన్య రుతుపవనాల ముసురు తలమీద ఉండగా చేతికి వస్తుంది. అంత తేమతో దాన్ని పాతర వేస్తే జొన్నలా నిలవదు, కుళ్ళుతుంది. నేల కూడా మారింది. కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ కింద ఉన్న ఊళ్ళలో కాలువ నీళ్ళకు నేల అడుగున చెమ్మ పెరిగింది. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి గొయ్యి గోడను నిలవనివ్వదు. బోరు కింద పండించి మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసే రబీ మొక్కజొన్న అయితే మన ఎండలకు తేలికగా పదకొండు శాతానికి దిగుతుంది. దానికి పాతర సూత్రం నిక్షేపంగా సరిపోతుంది. కాకపోతే అదే సూత్రాన్ని నేలమీద సంచిలో అమలు చేయగలిగినప్పుడు గొయ్యి తవ్వే కూలి ఎందుకని నా ప్రశ్న.

మీ ఊళ్ళో పాత పాతర ఏదైనా తెరవదలచుకుంటే ఒక్క జాగ్రత్త తీసుకోండి. బండ తీయగానే లోపలికి దిగకూడదు. పెద్దలు ఒక రోజు నోరు తెరిచి వదిలి, తాడుతో దీపం దించి చూసేవారు. దీపం ఆరిపోతే ఎవరూ దిగేవారు కాదు. లోపలి వాయువు గాలికన్నా బరువైనది కనుక అడుగునే నిలిచి ఉంటుంది. దిగినవాడు పడిపోతే, అతన్ని లేపడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. దీపం వెలిగినా నడుముకు తాడు కట్టుకుని, పైన ఇద్దరు మనుషులు ఉండగానే దిగాలి.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు. వానకు తడిసిన కండెలలో కొన్నింటికి పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు పట్టింది. పారవేయడానికి మనసు రావడం లేదు. కడిగి ఎండబెట్టి కోళ్ళకు వేయవచ్చా? ఆవుకు పెట్టవచ్చా?

జవాబు: వేయకూడదు తల్లీ, ఆవుకు కూడా పెట్టకూడదు. వేరుశనగ పండించే ప్రాంతం వారు కనుక అఫ్లాటాక్సిన్ అన్న పేరు మీరు వినే ఉంటారు. ఆ విషాన్ని చేసే బూజు మొక్కజొన్నకూ పడుతుంది, మీరు చెప్పిన రంగే దానిది. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి కలిసిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినప్పుడు ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల గిరిజన గ్రామాలలో, అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నను తిన్నవారికి కామెర్లు, కడుపులో నీరు వచ్చి 106 మంది మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని పరిశోధించారు. 1995లో మన దక్కను గ్రామాలలోనే, వానకు తడిసి బూజు పట్టిన జొన్నలూ మొక్కజొన్నలూ తిన్న ఇళ్ళలో కడుపునొప్పులు, విరేచనాలు వచ్చాయి. అది ఫ్యుమోనిసిన్ అనే మరో బూజు విషం. ఆ బూజు తెల్లగానో గులాబీ రంగులోనో కనిపిస్తుంది.

కడిగితే బూజు పోతుంది, విషం గింజలో ఉండిపోతుంది. ఎండకు బూజు చస్తుంది, అది అప్పటికే చేసిన విషం చావదు. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. కోళ్ళకు, అందులోనూ బాతు పిల్లలకు ఇది చాలా చెరుపు. ఆవుకు పెడితే పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగేది మళ్ళీ మన పిల్లలే. ఆహార ధాన్యాలలో అఫ్లాటాక్సిన్ కిలోకు 15 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశపు ఆహార భద్రతా నిబంధన చెబుతున్నది. అంత కొద్ది మోతాదు కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు.

ఒలిపించక ముందే కండెలను ఏరండి. ఒలిచాక మంచీ చెడూ కలిసిపోతాయి. బూజు కొనకే ఉన్నా కండెనంతా తీసివేయండి. కత్తెర పురుగు కొరికిన కొనల దగ్గర బూజు ముందుగా పడుతుంది కనుక అలాంటి కండెలను ప్రత్యేకంగా చూడండి. ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. తీసినవాటిని పశువులు, కోళ్ళు చేరని చోట కాల్చివేయడం లేదా లోతుగా పూడ్చడం చేయండి. మంచి గింజలలో కొద్దికొద్దిగా కలిపి అమ్మేయమని చెప్పేవారు ఉంటారు. ఆ దాణా ఏ కోళ్ళ ఫారానికి చేరుతుందో, ఎవరి పళ్ళెంలోకి వస్తుందో ఆలోచించండి.

ప్రశ్న: పురుగుకు బిళ్ళలు వేస్తే ఒక్క రోజులో చస్తాయని చెబుతున్నారు. సంచులు మేము పడుకునే గది పక్కనే ఉన్నాయి. ఎన్ని బిళ్ళలు వేయాలి? (ఒక పాఠకురాలు, నంద్యాల దగ్గర)

జవాబు: ఒక్కటి కూడా వేయవద్దమ్మా. ఆ బిళ్ళలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగలగానే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. అది గోడ పగుళ్ళ గుండా, తలుపు కింది సందుల గుండా పక్క గదిలోకి వస్తుంది. నిద్రలో ఉన్నవారికి తెలిసేలోపే ప్రాణం మీదికి వస్తుంది. శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో, గాలి చొరని పట్ట కింద, మనుషులు నివసించని గోదాములో మాత్రమే వాడవలసిన మందు అది. మామూలు జనానికి అమ్మకూడదని నిబంధన ఉన్నా అంగళ్ళలో దొరుకుతుండడం మన దురదృష్టం. పైగా గోనె సంచి ఆ వాయువును నిలిపి ఉంచదు కనుక పురుగూ పూర్తిగా చావదు. ఇంటి వాడకానికి ఉంచినవి అయితే గింజలను మండుటెండలో నల్లటి పట్ట మీద పలుచగా పరిచి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం కప్పి నాలుగైదు గంటలు ఉంచండి. ఆ వేడికి పురుగూ గుడ్లూ చాలావరకు చస్తాయి. చల్లారాక జల్లించి డబ్బాలో మూయండి. వేపాకు, వావిలాకు వేయడం వల్ల పురుగు కొంత దూరం జరుగుతుంది కానీ, లోపల ఉన్నది చావదు.

ప్రశ్న: దాచడానికి ఇంత కష్టపడితే గిట్టుబాటు అవుతుందా? (ఆదోని ప్రాంతపు రైతు)

జవాబు: క్వింటాలుకు లెక్క వేసి చూద్దాం. 2025-26 ఖరీఫ్ మొక్కజొన్నకు కనీస మద్దతు ధర 2,400 రూపాయలు. ఆ ధరే ఆధారంగా తీసుకుంటే, 14 శాతం తేమతో అమ్మగల క్వింటాలును నిల్వ కోసం 12 శాతానికి ఎండబెడితే రెండుంపావు కిలోలకు పైగా తూకం తగ్గుతుంది, అంటే సుమారు 55 రూపాయలు. మీరు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఉంటే నాలుగు నెలలకు 192 రూపాయలు. రెండూ కలిపితే 247. సంచి ఖర్చు, హమాలీ కూలి, ఒకటి రెండు కిలోల తరుగు దీనికి అదనం. కనుక ధర మూడు వందలకు పైగా పెరుగుతుందన్న నమ్మకం లేకపోతే అప్పున్న రైతు దాచడం దండగ. అప్పు లేని రైతుకు వడ్డీ భారం పోతుంది కాబట్టి వంద, నూట యాభై పెరుగుదల చాలు.

అప్పు ఉండి కూడా ఆపాలనుకుంటే ఇంట్లో కాక, గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ సంస్థ గుర్తింపు ఉన్న గోదాములో పెట్టండి. 2007 నాటి చట్టం ప్రకారం ఆ గోదాము ఇచ్చే రసీదు మీద బ్యాంకు రుణం తీసుకోవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న రైతులకు ఆ రుణంపై వడ్డీ రాయితీ కోత తరువాత ఆరు నెలల దాకా వర్తిస్తుంది. దాంతో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ భారం తప్పి పై లెక్క మారుతుంది. గోదాముకు తీసుకువెళ్ళే ముందు సీసా, ఉప్పు పరీక్ష చేసుకుని వెళ్ళండి. అక్కడ మచ్చు తీసి తేమ ఎక్కువని తిప్పి పంపితే ట్రాక్టరు బాడుగ రెండుసార్లు పడుతుంది.